వదిన పక్క సీట్లో

వదిన మళ్ళీ రెండు వేళ్ళు తెరమీద ఆనించి విడదీసింది. ఎడమ కిటికీ అంచున బిగించిన టాబ్లెట్‌లో మ్యాపు ఉబ్బింది, ఇంకా ఉబ్బింది, ఊళ్ళూ కొండలూ వాగులూ అన్నీ తెర అంచులు దాటి జారిపోయి చివరికి రెండు మూడు అంకెలు మిగిలాయి, ఒక్కొక్కటి బొటనవేలంత. ఏ అంకెలో కుడి సీట్లో కూర్చున్న మరదలికి తెలియదు, ఆ వాలులో తెరమీద వెలుగు తప్ప ఏమీ కనిపించదు, కానీ ఎంత పెద్దవో మాత్రం తెలుస్తోంది, చూడకూడదనుకుంటూనే ఆమె చూసింది, చూసి, దొంగతనం చేసినట్టు చటుక్కున తన కిటికీ వైపు తల తిప్పుకుంది. కిటికీలో ఏముంది, మబ్బు. రెక్క చివరి దీపాన్ని కూడా మింగేసిన తెల్లటి మబ్బు, పదకొండువేల అడుగుల ఎత్తున, పట్టపగలు, ఎవరో దుప్పటి ముసుగు వేసినట్టు. వదిన జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తెర తుడిచింది. పొద్దుట్నుంచి ఎన్నోసారో. ఈ టాబ్లెట్ల మీద వేలిముద్రలు ఇట్టే పడతాయి, ఎప్పుడు చూడు మసక మసగ్గా ఉంటుంది, కొత్తది ఇమ్మని స్టోర్స్‌లో అడగాలి, అంటూ ఉంటుంది. ఇదే కొత్తది వదినా, తెచ్చుకుని నెల కాలేదు, అని ఆమె అనలేదు. అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనదు. మసక తెరలో లేదని ఇద్దరిలో ఒకరికి తెలుసు, ఆ ఒకరు నోరు కుట్టేసుకుని కూర్చున్నారు.

రెండింజన్ల పాత విమానం అది. సీట్లు పీకేసిన వెనక భాగమంతా అట్టపెట్టెలు: ఐసులో పెట్టిన టీకా మందులు, ట్రాక్టరు బెల్టులు, ఎవరిదో కుట్టుమిషను, బడిపిల్లల పరీక్ష పేపర్లు. కొండల మధ్యన ఉన్న ఆ చిన్న విమానాశ్రయానికి ఇవన్నీ చేరవేసే కంపెనీకి ఉన్నవి రెండే విమానాలు, ఐదుగురే పైలట్లు, కాబట్టి డ్యూటీలు వేసే గుమాస్తా వాళ్ళిద్దర్నీ తరచూ ఒకే విమానంలో పడేసి, బోర్డు మీద "వదినా మరదళ్ళ సర్వీసు" అని రాసి పళ్ళికిలిస్తాడు. నవ్వుకుంటే నవ్వుకోనీ. మొదటి రోజునే వదిన చెప్పేసింది, తలుపు వేశాక నేను నీకు వదినని కాను, కెప్టెన్ని, మీరు అనాలి, అడిగినదానికి అరక్షణంలో జవాబు రావాలి, నీళ్ళు నమిలావంటే దింపేస్తాను. ఏడేళ్ళప్పుడు తల్లి పోయిన పిల్లకి జడ వేసి బడికి పంపిన మనిషిని, జలుబు చేస్తే ఇప్పటికీ "పొట్టీ, మందు మింగావా" అని గదమాయించే మనిషిని మీరు అనడం! నోరు తిరగలేదు కొన్నాళ్ళు. తర్వాత తిరిగింది, మరీ ఎక్కువగా తిరిగింది, ఆ మీరు అనే మాట వెనక నక్కి కూర్చోవడం ఎంత సుఖమో తెలిసింది. వదినతో అయితే పోట్లాడొచ్చు, అలగొచ్చు, అన్నం తినకుండా పడుకోవచ్చు. కెప్టెన్‌తో ఏముంది, ఎస్ కెప్టెన్, చెక్ కెప్టెన్.

"ఆరువేల తొమ్మిదివందల దాకా దిగుతున్నాం," అంది వదిన ఇంజన్ల జోరు తగ్గిస్తూ.

"చెక్," అంది ఆమె.

అనేసింది. అంకె చెవినుంచి మనసుకి వెళ్ళేలోపే నోరు తన పని తాను చేసుకుపోయింది, బాగా మరిగిన నోరు, వేల సార్లు అన్న మాట, చెక్, అంటే చూశాను, సరే అని. అప్పుడు చూసింది తన టాబ్లెట్ వైపు. దాంట్లో మ్యాపు మొత్తం ఉంది, ఉబ్బనిది, కురచగా, నీట్‌గా, ఆ విమానాశ్రయానికి దిగే రెండు దారులూ ఒకే పేజీలో. పడమట నుంచి నది వెంట వచ్చే దారి, దాని పక్కన ఆరువేల తొమ్మిదివందలు. తూర్పు నుంచి కొండ దాటి వచ్చే దారి, దాని పక్కన ఎనిమిదివేల మూడువందలు, కొండ దాటేదాకా అంతకన్నా దిగకూడదని అడ్డగీత. రోజూ వచ్చేది పడమటి దారినే. ఈ రోజు మాత్రం తూర్పున ఉన్న ఇంకో ఊళ్ళో ముందు సామాను దించి అటునుంచి వస్తున్నారు. తెరమీద చిన్న విమానం బొమ్మ తూర్పు గీత మీద చీమలా పాకుతోంది, దాని ముందు కొండ గోధుమ రంగులో ముడతలు ముడతలుగా. తప్పు. వదిన చదివినది తప్పు. కాదు, అంకె సరిగ్గానే చదివింది, ఏ దారి అంకో చదవలేదు. అంత పెద్దది చేసి చూస్తే దారి తెర బయటికి పోతుంది, అంకె ఒక్కటే మిగులుతుంది, అదీ రోజూ వాడే అంకె, చేతికి అలవాటైన అంకె, చూడగానే చుట్టంలా అనిపించి ఉంటుంది. ఆగు, ఆగు, నీదే తప్పయితే? పొద్దున బయల్దేరే ముందు యాప్ కొత్త మ్యాపులు దించుకుంటూ ఉండగా ఆఫీసులో నెట్ పోయింది, మళ్ళీ వచ్చింది, పూర్తయిందని పచ్చ గుర్తు చూశావా, చూశాననుకున్నావా? పేజీ అడుగున తేదీ చూసింది. ఈ నెలదే. నీది ఈ నెలదే, సరే, వదినది ఇంకా కొత్తదేమో? ఈ నెలకన్నా కొత్త నెల ఎక్కడైనా ఉంటుందా! మనసు ఎన్ని వంకలు వెతుకుతుందో, నోరు తెరవకుండా ఉండడానికి. ఎత్తు చూపే ముల్లు మెల్లగా వెనక్కి తిరుగుతోంది. పదివేల ఆరొందలు.

వానలు మొదలైనప్పటి నుంచి తెలుసు ఆమెకి. మొదట ఇంట్లోనే. కప్పులో పోయాల్సిన కాఫీ కప్పు పక్కన పోసి, బల్ల ఎగుడుదిగుడుగా ఉందని విసుక్కుంది వదిన. వీధికి అవతల అన్న నిలబడి చెయ్యి ఊపుతుంటే, ఎవరో నీకోసం చెయ్యి ఊపుతున్నారే, అని తనని మోచేత్తో పొడిచింది. అన్న సిటీ బస్సు డ్రైవరు, మా ఇంట్లో నేలమీద కాళ్ళున్నవాణ్ణి నేనొక్కణ్ణే అని చెప్పుకు తిరిగే మనిషి. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ, వదిన పక్కగదిలో ఉందని గొంతు తగ్గించి, మీ వదిన కళ్ళు ఎలా ఉన్నాయంటావ్, అన్నాడు. ఏమో, బానే ఉన్నాయనుకుంటా, అంది తను. నాకెందుకో అనుమానంగా ఉందే, అడిగితే కరుస్తుంది, పోనీలే, నువ్వు పక్కనుంటావుగా, చూసుకుంటావుగా. నువ్వు పక్కనుంటావుగా. అంతే, ఆ మాటతో అన్న చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో సహా. పిల్లి మెడలో గంట కట్టే పని ఇంట్లో అందరికన్నా చిన్నదాని మీద పడింది. చూసుకుంది తను. వదిన తడుముకునే స్విచ్చు మీదకి ముందే వేలు పోనిచ్చేది, అడక్కముందే అంకెలు పైకి చదివేది, ఇవాళ గొంతు బాగా వచ్చింది పొట్టీ, అని వదిన మెచ్చుకునేది కూడా. ఎంత గర్వమో! కప్పిపుచ్చడాన్ని సేవ అనుకుంది. దారి చూపే యాప్ ఒకటి కాదు ఈ విమానంలో, రెండు ఉన్నాయి, రెండోది కుడి సీట్లో కూర్చుని ఉంది, ఒక్క తేడా ఏమిటంటే ఆ రెండోదానికి నోరుంది, వాడదు.

పదివేలు. తొమ్మిదివేల ఎనిమిదివందలు. అడుగు. ఊరికే అడుగు, తప్పని అనక్కర్లేదు, సందేహంలా అడుగు.

"కెప్టెన్, ఆరువేల తొమ్మిదివందలేనా?"

"అవును. ఏం?"

"ఏం లేదు."

ఏం లేదట! ఏం లేదు అంటే ఏముంది, కొండ ఉంది. వదిన చేతులు చుక్కాని పిడి మీద తేలిగ్గా ఆనించి ఉన్నాయి, ఆ చేతుల్లో వణుకు లేదు, ఎప్పుడూ లేదు, ఆటోపైలట్ ఉన్నా దిగేటప్పుడు ఎప్పుడూ చేత్తోనే నడుపుతుంది, విమానం బరువు అరచేతికి తెలియాలే అంటుంది. ఆ చెయ్యే ఒకప్పుడు నీళ్ళలో తన పొట్ట కింద ఉండేది. ఈతకొలను, క్లోరిన్ వాసన, గోడకి తిరుగుతున్న పెద్ద ఫ్యాను, కాళ్ళు కొట్టు, కొట్టు, నేనున్నాగా, అంటున్న వదిన గొంతు నీళ్ళ మీంచి రెండుగా వినిపిస్తూ. అవతలి గట్టు పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే వదిన కొలను మధ్యలో నిలబడి నవ్వుతోంది, ఎప్పుడో వదిలేశానే పిచ్చి మొహమా, అని. ఆ చెయ్యి లేదని తెలియనంతసేపూ మునగలేదు తను. ఆ తర్వాత కూడా, స్కూల్లో, ఫ్లైయింగ్ క్లబ్బులో, ముందుకి కనపడ్డం లేదని సీటు మీద రెండు దిండ్లు వేసుకుని మొదటిసారి విమానం నడిపినప్పుడు, ఎప్పుడూ ఆ చెయ్యి కింద ఉందనే నమ్మకం. ఉందా లేదా అని కిందికి చూస్తే కదా మునిగేది. అందుకే చూడవు. అందుకే ఇవాళ కూడా ముల్లు వైపు చూస్తూ, తొమ్మిదివేల నాలుగొందలు, వదినకి తెలుసు, వదినకి తెలిసే ఉంటుంది, ఈ కొండల్లో నీకన్నా ఎక్కువ తిరిగింది అని జపం చేస్తున్నావు. మరి మొన్న ట్రైనింగ్ క్లాసులో ఏం విన్నావు? కూలిపోయిన ఏదో విమానంలో రికార్డయిన మాటలు వినిపించారు, గది అంతా చీమ చిటుక్కుమంటే వినబడేట్టు. చిన్న పైలట్ గొంతు, ఎంత మర్యాదగా ఉందో, సర్, కొంచెం కిందికి ఉన్నామేమో సర్. ఏమో అట! ఆ తర్వాత చప్పుడు లేదు. బయట కాఫీ తాగుతూ వదిన మండిపడింది, ఆ అబ్బాయి స్థానంలో నేనుంటే ఆ కెప్టెన్ చెంప పగలగొట్టి చుక్కాని లాక్కునేదాన్ని, చచ్చేముందు కూడా మర్యాదేమిటే! అందరూ నవ్వారు. తనూ నవ్వింది. చెంప పగలగొట్టాల్సిన కెప్టెన్ ఎదురుగానే కప్పు కోసం బల్ల తడుముకుంటోంది, కప్పుని కాస్త ఆ చేతి దగ్గరికి జరిపి మరీ నవ్వింది.

తొమ్మిదివేల వంద. మబ్బులో విమానం ఒకసారి ఎగిరిపడింది, వెనక పెట్టెలు కిర్రుమన్నాయి, కొండ మీద గాలి కొట్టి పైకి లేస్తే ఇలాగే ఉంటుంది, కొండ దగ్గర్లో ఉందని గాలి చెబుతోంది, పనిముట్లు చెబుతున్నాయి, తన టాబ్లెట్‌లో కొండ గోధుమ రంగు పోయి పసుపు తిరిగింది, అదిగో, అంచుల్లో ఎరుపు. వదిన తెరలో ఎరుపు ఉండదు, అక్కడ అంకెలే ఉన్నాయి, తెల్లటి మీద నల్లటి అంకెలు. కొండ దగ్గరైతే అరిచే పెట్టె ఒకటుంది ఈ విమానంలో, కానీ ఈ కొండల్లో అది ఎప్పుడు చూసినా నాన్నా పులి అంటూనే ఉంటుంది, అందుకే ఇక్కడ దిగే ముందు దాని నోరు నొక్కెయ్యడం అందరికీ ఆనవాయితీ, ఇవాళ ఆ మీట నొక్కింది తనే. తన వేలితోనే. అరిచే పెట్టె నోరు మూసి, తన నోరు మూసుకుని, ఇప్పుడు ఈ తెల్ల చీకట్లో పులి ఎంత దూరంలో ఉందో లెక్కపెట్టుకుంటోంది. టీకా మందులు. పరీక్ష పేపర్లు. అన్న ఇప్పుడు ఏ స్టాపులో ఉంటాడో, నువ్వు పక్కనుంటావుగా. చెప్పు. ఏమవుతుంది చెబితే? వదిన కళ్ళు పోయాయని అందరికీ తెలుస్తుంది, కిందికి దింపేస్తారు, ఆకాశం తప్ప ఏమీ అక్కర్లేని మనిషి, ఇంట్లో కూర్చుని కిటికీలోంచి విమానం చప్పుడు వింటూ, ఆ చప్పుడు విన్నప్పుడల్లా నిన్ను తలుచుకుంటుంది. తలుచుకోనీ! తలుచుకోవడానికి మనిషంటూ ఉండాలిగా. తొమ్మిదివేలు.

"కెప్టెన్, మనం తూర్పు దారిలో వస్తున్నాం. ఎనిమిదివేల మూడొందల కిందికి దిగకూడదు."

తన గొంతేనా అది, ఎవరో వార్తలు చదివినట్టుంది. వదిన తల తిప్పలేదు.

"నా చార్టులో స్పష్టంగా ఉంది. ఆరువేల తొమ్మిదివందలు."

"అది పడమటి దారిది, కెప్టెన్."

వదిన గుడ్డ తీసింది. అదే, ఆ ఒక్క పనే ఆమెలో ఏదో తెంపేసింది, మళ్ళీ ఆ మెత్తటి గుడ్డ, మళ్ళీ ఆ తుడవడం, ఒక చెయ్యి చుక్కాని మీద, ఒక చెయ్యి తెర మీద, అద్దం శుభ్రంగా ఉంటే కొండ పక్కకి జరుగుతుందన్నట్టు, తుడిచి, వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా మొహం పెట్టి చూస్తోంది, ఆ మొహంలో భయం లేదు, చిరాకు, ఒట్టి చిరాకు, బల్ల ఎగుడుదిగుడుగా ఉన్నప్పటి చిరాకు. ఎనిమిదివేల ఏడొందలు, ఆరొందలు, విమానానికి ఎవరి కళ్ళూ అక్కర్లేదు, దిగమంటే దిగుతుంది, ఐదొందలు. చేతులు తన ఒడిలోంచి ఎప్పుడు లేచాయో తెలియదు. ఎడమ చెయ్యి ఇంజన్ల మీటల మీద పడి మొత్తం ముందుకి తోసేసింది, కుడి చెయ్యి తన ముందున్న చుక్కానిని గుండెలకేసి లాగింది, అది రాలేదు, అటువైపు నుంచి వదిన చెయ్యి పట్టి ఉంది, ఒకే ఇరుసుకి కట్టిన రెండు చుక్కానులు, అట్నుంచి ఒక పట్టు, ఇట్నుంచి ఒక పట్టు, చిన్నప్పటి నుంచి ఏ రోజూ అటూ ఇటూ లాగింది లేదు ఇద్దరూ, ఒక పెన్సిలు కోసం కూడా.

"కంట్రోల్ నాది! వదినా, వదిలెయ్!"

వదిలేసింది. అనుమానం లేదు, ఎదురుప్రశ్న లేదు, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, "నీది" అంది. విమానం ముక్కు ఆకాశంలోకి లేచింది, వెనక కుట్టుమిషనో ఏదో ధడాలున గోడకి కొట్టుకుంది, ముల్లు ఇంకా దిగింది, దిగింది, ఎనిమిదివేల రెండొందల దగ్గర ఊగిసలాడింది, ఆమె ఎడమకి తిప్పింది, ఆ తిప్పడంలో వంగిన రెక్క మీదుగా మబ్బు ఒక్క క్షణం చిరిగింది. చిరిగిన చోట నేల. ఎంత దగ్గర నేల! కొండ వీపు మీద ఒక రేకుల షెడ్డు, దాని ఎర్రటి తుప్పు, రేకులు ఎగిరిపోకుండా పైన పెట్టిన రాళ్ళు, తాడు మీద ఆరేసిన తెల్లటి గుడ్డ ఒకటి గాలికి కొట్టుకుంటోంది. రాళ్ళు లెక్కపెట్టొచ్చు. గుమ్మంలో ఎవరో తలెత్తి చూస్తున్నారనిపించింది, నిజమో కాదో. మబ్బు మూసుకుంది. ఇంకో పదమూడువందల అడుగులు దిగాల్సి ఉంది తాము, వదిన చెప్పిన అంకె ప్రకారం, ఆ షెడ్డునీ ఆ గుడ్డనీ దాటి, కొండ లోపలికి.

పదివేలు. పదకొండువేలు. చేతులు స్థిమితంగానే ఉన్నాయి. వదిన రేడియో అందుకుంది. మామూలు గొంతు, పొద్దున పాలవాడితో మాట్లాడినంత మామూలుగా, దిగడం మానుకుంటున్నాం, పైకి లేచాం, ఆ కొండ రన్‌వే మీద కెప్టెన్ తప్ప ఇంకొకరు దించకూడదు గనక మైదానంలో ఉన్న పెద్ద విమానాశ్రయానికి వెళ్తున్నాం, దారి ఇవ్వండి. ఎందుకని అడిగారు అవతల. "కెప్టెన్ ఒంట్లో బాగాలేదు. విమానం కో-పైలట్ నడుపుతోంది," అని చెప్పి, మళ్ళీ దీక్షగా కో-పైలట్ చెయ్యాల్సిన పనులన్నీ చేసుకుపోయింది, పేచీ లేకుండా, నిట్టూర్పు లేకుండా. అదే భరించలేకపోయింది ఆమె. తిడితే బాగుండును. వదిన తిట్లు ఎంత కమ్మగా ఉంటాయి, ఎండిపోయిన మొక్కకి నీళ్ళు పోసినట్టు తిట్టేది చిన్నప్పుడు, తిట్టి తిట్టి అలిసిపోయి, రా తల దువ్వుతా అనేది. ఇదేమిటి, ఈ మర్యాద. క్షమించమనాలా? దేనికి, కొండకి గుద్దుకోకుండా ఆపినందుకా? కాదు, అరిచినందుకు. కాదు, ఇన్నాళ్ళూ అరవనందుకు. మబ్బు పలచబడింది, కింద మైదానం, పొలాల గళ్ళు, ఒక రైలు, చుట్టూ వెలుగు, మధ్యాహ్నపు ఎండ కాక్‌పిట్ అంతా పరుచుకుని ఇద్దరి ఒళ్ళోనూ పడింది, ఇంత వెలుగులోనూ వదిన రెప్పలు చికిలించి చూస్తోంది.

"నీ టాబ్లెట్ ఇటివ్వు," అంది వదిన.

ఊడదీసి ఇచ్చింది. వదిన దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, ఎండకి అడ్డంగా ఒళ్ళో దాచుకుని చూసింది. రెండు వేళ్ళు ఆనించింది, విడదీయబోయి, ఆపేసింది.

"తూర్పు దారి ఏదో వేలు పెట్టి చూపించు."

ఆమె చుక్కాని మీంచి ఒక చెయ్యి తీసి చూపించింది.

"ఏం రాసుంది?"

"ఎనిమిదివేల మూడువందలు."

"దాని కింద?"

"పడమటి దారి. ఆరువేల తొమ్మిదివందలు."

"ఊఁ," అంది వదిన. టాబ్లెట్ తిరిగి ఇచ్చేసింది. మైదానం చాలా పొడుగ్గా ఉంది. ఆ పొడుగునా ఇంజన్ల హోరు, మధ్యమధ్య వదిన అప్పగించినట్టు చదివే రేడియో మాటలు, ఆమె మనసులో మాత్రం పక్క మనిషి అనబోయే మాటలు వందరకాలుగా తిరిగాయి, పెంచిన చెయ్యినే కరిచావే అంటుంది, లేకపోతే నా సీటు మీద కన్నేశావా అంటుంది, లేకపోతే ఏమీ అనదు, ఇంటికెళ్ళి అన్నతో కూడా ఏమీ అనదు, గది తలుపు వేసుకుంటుంది. రన్‌వే ఎదురుగా తెల్లటి గీతలతో కనిపించింది. దించింది. చక్రాలు నేలని తాకినప్పుడు చప్పుడు కూడా సరిగ్గా రాలేదు, ఆమె జీవితంలో అంత మెత్తగా ఎప్పుడూ దించలేదు, ఎవరూ మెచ్చుకోలేదు.

ఇంజన్లు ఆగాక ఆ నిశ్శబ్దంలో లోహం చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. దూరంగా సామాను బండి ఒకటి వస్తోంది, తొందరేమీ లేనట్టు. వదిన హెడ్‌సెట్ తీసి, చెవుల మీద పడిన నొక్కుల్ని వేళ్ళతో రాసుకుంది. తలుపు ఇంకా వేసే ఉంది. అంటే ఇంకా కెప్టెనే.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

తెలుసే అన్నది వదిన, కెప్టెన్ కాదు. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"వానాకాలం నుంచి."

"వానాకాలం నుంచి." వదిన ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసినట్టు అంది. "అప్పట్నుంచి ఎన్నిసార్లు ఎగిరాం ఇద్దరం? ఎన్నిసార్లు ఆ కొండల్లోకి తీసుకెళ్ళాను నిన్ను?"

"నువ్వు బాధపడతావని..."

"నా కంటికి పొర కమ్మింది. ఒప్పుకుంటాను, నాకే అనుమానం ఉంది, తెరని తిట్టుకుంటూ గడిపేశాను, సిగ్గులేనిదాన్ని. మరి నీ నోటికేం కమ్మిందే?"

సామాను బండి వాడు కిటికీ కిందికొచ్చి చెయ్యి ఊపాడు, ఇద్దరూ పట్టించుకోలేదు.

"నువ్వు ఎగరకుండా ఉండలేవు వదినా. ఎగరకపోతే ఏమైపోతావోనని."

"ఎగరకపోతే ఇంట్లో కూర్చుంటా. మీ అన్న బస్సెక్కి ఊరు తిరుగుతా. పొర తీయించుకుని మళ్ళీ వస్తానేమో, రానేమో. ఎగిరితే ఏమైపోయేదాన్నో చూశావుగా ఇందాక. నాతోపాటు నువ్వూ." వదిన గొంతు అక్కడ మాత్రం చీలింది, చీలిన గొంతుతోనే కసిరింది. "ఏడేళ్ళప్పట్నుంచి సాకింది దీనికోసమేనా? నా పక్కన కూర్చుని, నన్ను నొప్పించకుండా, బుద్ధిగా చచ్చిపోవడానికా?"

ఆమె ఏడ్చింది. వదిన ఏడవనిచ్చింది, ఓదార్చలేదు, తల నిమరలేదు, ఎదురుగా ఉన్న గాజు వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి జేబులోంచి ఫోను తీసి మోకాలి మీద పెట్టుకుంది.

"చీఫ్ పైలట్ నంబరు చదువు. నేను నొక్కుతాను."

"నేను చేసిస్తా, ఇవ్వు."

"చదవమన్నాను."

చదివింది, ఒక్కొక్క అంకే. వదిన ఒక్కొక్కటే వెతుక్కుని నొక్కింది, ఒకచోట తప్పింది, చెరిపి మళ్ళీ నొక్కింది. అవతల గంట మోగుతున్నంతసేపూ చొక్కా కాలరు సవరించుకుంది. "నేనే. ఇద్దరం క్షేమం. సామాను ఇక్కడే దింపించండి, టీకాలు ముందు కోల్డ్ స్టోరేజికి పంపించండి. ఇవాళ్టి నుంచి నన్ను డ్యూటీలోంచి తీసెయ్యండి. కళ్ళు. కాదు, జ్వరం కాదు, కళ్ళు. చార్టు తప్పు చదివి కొండ మీదకి తీసుకెళ్ళాను. నా కో-పైలట్ చుక్కాని లాక్కుంది, అందుకే మాట్లాడుతున్నాను. అది రాసుకోండి." ఆగింది. ఆమె వైపు తిరిగింది, ఆ చూపు సరిగ్గా తన మొహం మీద పడిందో, కాస్త పక్కగా పడిందో చెప్పడం కష్టం. "ఇంకోటి కూడా రాసుకోండి. నా కళ్ళ సంగతి ఆ పిల్లకి వానాకాలం నుంచే తెలుసు. చెప్పలేదు. అవును, నా ఆడపడుచే. అయితే? రాయండి."

గుండె మీంచి బండ తీసినట్టా, గుండె మీద బండ పెట్టినట్టా? విచారణ ఉంటుంది, ఎన్నాళ్ళో నేలమీద కూర్చోబెడతారు, గుమాస్తా బోర్డు మీద పేరు చెరిపేస్తాడు, అన్న తల పట్టుకుంటాడు, ఇద్దరాడవాళ్ళూ ఇంట్లోనేనా ఇక, అని. అయినా ఊపిరి మాత్రం చాలా లోపలికి వెళ్ళింది, వానాకాలం తర్వాత మొదటిసారి అంత లోపలికి. అబద్ధం చెప్పి తనని కాపాడి ఉంటే, ఈ మనిషి ఎదుట ఈ జన్మలో మళ్ళీ తలెత్తేది కాదు. వదిన ఫోను జేబులో పెట్టుకుంది. లేచి, నడుము మీద చెయ్యి వేసుకుని, పెట్టెల మధ్య నుంచి పక్కకి తిరిగి తిరిగి నడుచుకుంటూ వెనక తలుపు దాకా వెళ్ళింది, పట్టీలు తెగి అడ్డంగా పడున్న కుట్టుమిషనుని ఆమె జరిపి దారి ఇచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎండ, కిరసనాయిలు వాసన, వేడిగాలి. వదిన గుమ్మం కమ్మీ పట్టుకుని ఒక కాలు బయటపెట్టింది, నిచ్చెన మెట్ల మీద రెండు దిగింది, పాదం గాల్లో ఆగింది.

ఇంతకు ముందైతే ఆమె వెనకనుంచి మాట్లాడకుండా మోచెయ్యి పట్టుకునేది, తనే తూలినట్టు నటిస్తూ.

"ఇంకో మెట్టుంది వదినా," అంది, సామాను బండి వాడికి కూడా వినబడేట్టు.

"తెలుసులే," అంది వదిన విసురుగా. పాదం అలాగే గాల్లో ఉంది. తల తిప్పకుండా, "ఎటు?" అంది.

"ఎడమవైపు. ఇంకొంచెం కిందికి. ఆఁ, అక్కడే. ఇక నేలే."